రెస్టారెంటు సరుకు నిల్వల లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? (బరంపురం, ఛత్రపురం)

ప్రశ్న: బరంపురం భోజనశాల

అందరికీ నమస్కారం. గంజాం జిల్లా బరంపురంలో మాకు ఆంధ్రా భోజనం, బిర్యానీ, సాయంత్రం టిఫిన్లు పెట్టే రెస్టారెంటు ఉంది. ఛత్రపురంలో ఇంకొక చిన్న శాఖ నడుస్తోంది. సరుకంతా బరంపురం స్టోర్ రూములోనే దిగుతుంది, ఛత్రపురానికి కావలసినది రోజూ ఉదయం వ్యానులో వెళుతుంది. బిల్లులు కంప్యూటరులోనే కొడుతున్నాము కాని, నిల్వల లెక్క మాత్రం నాన్నగారి కాలం నుంచి చిట్టా పుస్తకంలోనే సాగుతోంది.

నెలాఖరున కొనుగోళ్లను, అమ్మకాలను పక్కపక్కన పెట్టుకుంటే, సరుకు ఖర్చు ఒక నెల అమ్మకాలలో మూడో వంతు దగ్గర ఉంటుంది, మరో నెల నలభై శాతం దాటిపోతుంది. ధరలు పెరిగి అలా అయిందా, వంటగదిలో ఎక్కువ వాడి అయిందా, బిల్లు లేకుండా ప్లేట్లు బయటికి వెళ్లి అయిందా అన్నది పుస్తకం చూసి చెప్పలేకపోతున్నాము. అందుకని నిల్వల కోసం ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాలని నిర్ణయించుకున్నాము. బిల్లింగ్, స్టాక్ రెండూ కలిసి ఉండే పెట్‌పూజా వంటిది తీసుకోమని తోటి హోటలు వారు అంటున్నారు, ఎలాగూ లెక్కలు టాలీలోనే ఉన్నాయి కనుక స్టాక్ కూడా అందులోనే పెట్టమని ఆడిటరు గారి మాట, ఇ.ఆర్.పి. నెక్స్ట్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని మా మేనల్లుడి మాట. మా వంటమాస్టరు శ్రీకాకుళం ఆయన, స్టోర్ చూసే అబ్బాయికి ఒడియా తప్ప మరొకటి చదవడం రాదు, వానాకాలంలో నెట్ ఎప్పుడు ఉంటుందో చెప్పలేము. ఇలాంటి చోట నడుపుతున్నవారు, ఏది చూసి ఎంచుకోవాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: లెక్కల గుమాస్తా, బరంపురం

నమస్కారమండి. ఈ ఊళ్లోనే కొన్ని హోటళ్ల లెక్కలు చూస్తుంటాను కనుక పన్ను వైపు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారు ఈ సంగతి ఎత్తరు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్ల భోజనం మీద జి.ఎస్.టి. 5 శాతం, కాని కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు. అంటే నూనె మీద, మసాలాల మీద, పార్సిల్ డబ్బాల మీద మీరు కట్టిన పన్ను అంతా మీకు ఖర్చే. దుకాణాల కోసం తయారైన సాఫ్ట్‌వేర్ మాత్రం కొనుగోలు బిల్లు ఎక్కించగానే పన్నును విడదీసి వేరే ఖాతాలో వేసి, పన్ను లేని ధరనే సరుకు విలువగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్ పార్సిల్ డబ్బాల మీద పన్ను 18 శాతం; ఆ మేరకు మీ పార్సిల్ బిర్యానీ ఖర్చు కాగితం మీద తగ్గి కనిపిస్తుంది. కనుక డెమో చూపించేవారిని అడగవలసిన మొదటి మాట, పన్నుతో కలిపిన ధరను సరుకు విలువగా తీసుకునే అమరిక ఇందులో ఉందా అని. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం నుంచి తెచ్చిన సరుకుకు ఐ.జి.ఎస్.టి. (రాష్ట్రాల మధ్య పన్ను) పడినా, ఇక్కడ కొన్నదానికి కేంద్రం, రాష్ట్రం అని రెండు ముక్కలుగా పడినా మీ ఖర్చులో తేడా ఏమీ రాదు.

రెండవది కొలతలు. బస్తా అన్న మాటను సాఫ్ట్‌వేర్ ఒకే అంకెగా గుర్తుపెట్టుకుంటే మీ బియ్యం లెక్క మొదటి వారంలోనే చెడుతుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ముద్రించి అమ్మే బియ్యం సంచుల మీద 5 శాతం పన్ను వచ్చిన తరువాత, దానికి దొరకకుండా మిల్లులవారు 26 కిలోల సంచులు దించారన్నది మీకూ తెలుసు. కొన్ని రకాలు ఇప్పటికీ 25 కిలోలలోనే వస్తాయి, బాస్మతి 30 కిలోలలో కూడా వస్తుంది. అందుచేత ప్రతి సరుకుకు దాని కొనుగోలు కొలత, నిల్వ కొలత, వంటలో వాడే కొలత మూడూ విడివిడిగా పెట్టుకునే వీలు ఉండాలి. నూనె దగ్గర ఈ చిక్కు ఇంకా ఎక్కువ. శుద్ధి చేసిన నూనె లీటరు సుమారు 910 గ్రాములే తూగుతుంది; అంటే 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలు, 15 కిలోల డబ్బాలో ఉండేది సుమారు 16.5 లీటర్లు. డబ్బాలు రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడు కిలోలు రాసి, వంటమాస్టరు లీటర్లలో చెప్పినది అలాగే ఎక్కిస్తే, ఎవరూ చుక్క నూనె పారబోయకుండానే లెక్కలో పది శాతం దాకా తేడా వస్తుంది.

టాలీ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అది మీ ఆడిటరుకు సుఖం, మీ వంటగదికి కాదు. అందులో వంటకానికి ఏ సరుకు ఎంత పడుతుందో రాసుకునే బిల్ ఆఫ్ మెటీరియల్స్ ఉంది, కాని సరుకు తగ్గాలంటే మాన్యుఫాక్చరింగ్ జర్నల్ అని ప్రత్యేకంగా ఒక వోచరు వేయాలి. రోజుకు నలభై రకాల వంటకాలకు అది వేసే ఓపిక ఎవరికీ ఉండదు. నెలాఖరు నిల్వ విలువను మాత్రం అందులో చూపించండి, చాలు.

ఛత్రపురం శాఖకు పంపే సరుకుకు, రెండూ ఒకే జి.ఎస్.టి. నంబరు కింద ఉంటే, పన్ను ఏమీ పడదు. వ్యానులో డెలివరీ చలాను ఉంటే సరిపోతుంది. రేపు ఎప్పుడైనా ఇచ్ఛాపురంలో శాఖ తెరవాలనుకుంటే మాత్రం అది వేరే రాష్ట్రం, వేరే నంబరు, పంపిన సరుకు అమ్మకంతో సమానం. ఆ ఆలోచన ఉంటే ముందే చెప్పి, రెండు జి.ఎస్.టి. నంబర్లను నడపగలిగేది చూసుకోండి.

సమాధానం 2: పర్లాకిమిడి మెస్

అందరూ సాఫ్ట్‌వేర్ పేర్లే చెబుతారు కనుక రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. మేము గూగుల్ షీట్స్‌లో మూడు పట్టికలతో నడుపుతున్నాము: వచ్చిన సరుకు, వంటగదికి ఇచ్చిన సరుకు, రాత్రి మిగిలిన సరుకు. మొదటి నిల్వకు కొనుగోళ్లు కలిపి చివరి నిల్వ తీసేస్తే వాడకం తేలుతుంది, దానిని అమ్మకాలతో భాగిస్తే శాతం తేలుతుంది. ఇంతకంటే గొప్ప సూత్రం ఏ కంపెనీ దగ్గరా లేదు. రాత్రి కాటా ముందు నిలబడి తూచే మనిషి లేకపోతే లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ కూడా వృథా. మీకు రెండు శాఖలు ఉన్నాయి కనుక షీట్లు చాలకపోవచ్చునని ఒప్పుకుంటాను, కాని కొనేముందు నెల రోజులు ఈ పద్ధతి నడిపి చూడండి. మీ స్టోర్ అబ్బాయి నిలబడగలడో లేదో డబ్బు పెట్టకముందే తెలిసిపోతుంది.

సమాధానం 3: కిచెన్ ఇన్‌ఛార్జి, రాయగడ

పై ఇద్దరూ చెప్పినవి నిజమే కాని, మీ ప్రశ్నలో అసలు చిక్కు వంటగదిలో ఉంది, స్టోర్ రూములో కాదు. సరుకు స్టోర్ దాటి వంటగదిలోకి వెళ్లిన తరువాత దానికి ఏమైందో చెప్పేది వంటకాల కార్డు ఒక్కటే, అంటే ఒక్కో వంటకానికి ఏ సరుకు ఎంత పడుతుందో రాసుకున్న కార్డు. అది లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా, మీరు ఇప్పుడు చిట్టాలో చూస్తున్నదే రంగుల తెర మీద చూస్తారు.

రొయ్యలనే తీసుకోండి. చిలికా నుంచి బుట్ట దిగుతుంది, తలలతో తూస్తే 10 కిలోలు, కిలో 400 అనుకుంటే 4,000 రూపాయలు. కుర్రవాళ్లు తల తీసి, పొట్టు వలిచి, నల్ల నరం లాగి, కడిగి, చిల్లుల గిన్నెలో నీరు ఓడ్చి మళ్లీ కాటా మీద పెడితే అయిదు, అయిదున్నర కిలోల మధ్య నిలబడుతుంది. అయిదున్నర వచ్చిందంటే వంటకు పనికివచ్చే రొయ్య కిలో ధర 727 రూపాయలు. రొయ్యల వేపుడు ప్లేటులో 120 గ్రాములు పడుతుందని కార్డులో రాసి, దానిని 400 రూపాయల ధరతో గుణిస్తే ప్లేటుకు 48 రూపాయలు చూపిస్తుంది. నిజంగా అయినది 87 దాకా. కనుక తరుగు శాతాన్ని సరుకు వారీగా రాసుకునే గడి సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి, ఆ శాతాన్ని మీ వంటగదిలో మీ కాటా మీదే తేల్చుకోవాలి. కంపెనీవారు ముందే నింపి ఇచ్చే తరుగు అంకెలను నమ్మకండి. చిన్న రొయ్యకు తరుగు ఒకలా ఉంటుంది, పెద్ద రొయ్యకు ఇంకొకలా ఉంటుంది, మంచు వేసి నిన్న తెచ్చినదానికి మరొకలా ఉంటుంది.

దీని తరువాత చూడవలసినది మధ్యలో తయారయ్యేవి. ఉల్లి, టమాటా గ్రేవీ పొద్దున ఒక్కసారే వండి పెట్టుకుంటాము, దానిని పది కూరల్లో వాడతాము. అల్లం వెల్లుల్లి ముద్ద, వేయించిన ఉల్లిపాయ, నానబెట్టిన చికెన్ కూడా అంతే. వంటకం లోపల మరో వంటకాన్ని పెట్టుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కూరకు ఉల్లిపాయను గ్రాములలో విడిగా రాయవలసి వస్తుంది. అది రాసేవాడు రెండో రోజుకే ఊహించి రాయడం మొదలుపెడతాడు. పెట్‌పూజా వంటి రెస్టారెంటు సాఫ్ట్‌వేర్లలో బిల్లు పడగానే కార్డు ప్రకారం సరుకు తగ్గుతుంది. ఓడూ అనే మరో వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో వంటకాన్ని కిట్‌గా, అంటే విడి సరుకుల కట్టగా, పెట్టుకుంటే అమ్మినప్పుడు సరుకులు తగ్గుతాయి, ఇ.ఆర్.పి. నెక్స్ట్‌లో ప్రొడక్ట్ బండిల్‌తో దాదాపు అదే పని చేయించవచ్చు, కాని గ్రేవీ తయారీని రోజూ వేరే ఎంట్రీగా వేసుకోవాలి.

కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉప్పు వంటివాటిని మాత్రం కార్డులకు తగిలించకండి. నెలకు మొత్తంగా ఒక ఖర్చు వేసుకుంటే పోతుంది. మన డబ్బంతా చికెన్, మటన్, చేప, రొయ్య, నూనె, బియ్యం, పనీరు, నెయ్యి, గ్యాసులోనే ఉంటుంది. ఈ సరుకులను రోజూ రాత్రి తూచండి, గ్యాసుకు నిండు సిలిండర్లు లెక్కపెట్టండి, తక్కినవి వారానికి ఒకసారి చాలు. తూచినదానికీ సాఫ్ట్‌వేర్ చెప్పినదానికీ తేడా కనిపించినప్పుడు వెంటనే దొంగతనం అనుకోకండి. వారానికి కార్డుల లెక్కన 42 కిలోల చికెన్ పోవాలి, నిజంగా 46.5 పోయింది అనుకుందాం. ముందు స్టాఫ్ భోజనం ఎక్కడ రాశారో చూడాలి, ఎందుకంటే మా వైపు చాలా హోటళ్లలో అది ఎక్కడా రాయరు. ఆ తరువాత మాడిపోయినవి, తిరిగి వచ్చిన ప్లేట్లు, యజమాని ఇంటికి వెళ్లిన క్యారేజీ చూడాలి. ఇవన్నీ తీసేశాక కూడా మిగిలితే అప్పుడు ముక్క సైజు, గరిటె సైజు చూడాలి. అందుకే వృథా, స్టాఫ్ భోజనం, ఇంటి వాడకం అని మూడు వేర్వేరు కారణాలతో సరుకును తగ్గించే వీలు ఉందో లేదో డెమోలోనే చేయించి చూడండి.

ఇక ఎవరూ చెప్పనిది, ఈ సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకమైనది ఒకటి ఉంది. సరుకు ఇంతకు తగ్గితే ఆర్డరు పెట్టు అని హెచ్చరించే రీఆర్డర్ లెవెల్ దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, కాని చాలావాటిలో అది ఏడాది పొడుగునా ఒకే అంకె. మన దగ్గర అది నడవదు. ఒడియా కుటుంబాల కార్తీకం కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పౌర్ణమి) మరునాడు మొదలై కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. తెలుగు కుటుంబాల కార్తీకం దీపావళి అమావాస్య మరునాడు మొదలై తరువాతి అమావాస్య దాకా ఉంటుంది. రెండూ కలిసేది మధ్యలో ఒక్క పక్షమే. అంటే రెండు రకాల గిరాకీ ఉన్న హోటలుకు మాంసాహారం నెలన్నర పాటు మందగిస్తుంది. ఒడియా వారికి చివరి అయిదు రోజుల పంచుక మరీ గట్టిది, అది దాటిన మరునాడే ఛాడఖాయి, అంటే నియమం ముగించి మళ్లీ మాంసం తినే రోజు. ఆ రోజు ఒడియా వీధుల్లో కోడికీ మేకకూ ఉండే గిరాకీ అంతా ఇంతా కాదు, అదే రోజు తెలుగు వీధి ఇంకా ఉల్లి కూడా ముట్టదు. సోమవారాలు, గురువారాలు మామూలుగానే తక్కువ, మార్గశిర గురువారాలైతే ఇంకా తక్కువ. కనుక రీఆర్డర్ అంకెను వారం రోజుల వారీగా, లేదా తేదీల వారీగా మార్చుకునే వీలు ఉందా అని అడగండి. లేకపోతే ఆ హెచ్చరికలను ఆపేసి, పంచాంగం పక్కన పెట్టుకుని మీరే ఆర్డరు పెట్టుకోవడం మేలు. పంచుక నాడు చికెన్ తెప్పించమని చెప్పే ఫోను వల్ల మీకు నష్టమే.

ప్రశ్న అడిగినవారు: బరంపురం భోజనశాల

అందరికీ కృతజ్ఞతలు. కార్తీకం సంగతి మాకు చేతికి తెలుసు కాని సాఫ్ట్‌వేర్‌ను అడగవలసిన ప్రశ్నగా ఎప్పుడూ తట్టలేదు. రాయగడ గారు చెప్పినట్టు వంటకాల కార్డులు ముందు రాయిస్తాము. అయితే రెండు విషయాలు ఇంకా తేలలేదు. నెట్ లేనప్పుడు ఇవి ఎలా నడుస్తాయి అన్నది ఒకటి. చేపల మార్కెట్‌లో, కూరగాయల బజారులో బిల్లు ఇచ్చేవారు ఉండరు కనుక ఆ కొనుగోళ్లను ఎలా ఎక్కించాలి అన్నది రెండవది.

సమాధానం 4: సాఫ్ట్‌వేర్ పనివాడు, జయపురం

నెట్ గురించి నేను చెబుతాను. మీ ఊరికి 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో మీరే చూశారు. దసరా, దీపావళి గిరాకీ కూడా సరిగ్గా ఆ నెలల్లోనే ఉంటుంది. కనుక అమ్మేవారు ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది అన్నప్పుడు, ఏ పని చేస్తుంది అని విడదీసి అడగాలి. చాలావాటిలో బిల్లింగ్ మాత్రమే ఆఫ్‌లైన్‌లో నడుస్తుంది; కొనుగోలు ఎక్కించడం, శాఖకు సరుకు పంపడం, నిల్వ తూచి రాయడం నెట్ వచ్చేదాకా ఆగుతాయి. డెమో మధ్యలో మీరే వైఫై తీసేసి, ఒక బిల్లు, ఒక కొనుగోలు, ఛత్రపురానికి ఒక బదిలీ వేయించి, మళ్లీ వైఫై పెట్టి ఆ మూడూ ఒక్కసారే ఎక్కాయా, రెండుసార్లు ఎక్కాయా చూడండి. ఈ ఒక్క పరీక్షతో సగం పేర్లు మీ జాబితాలో నుంచి పోతాయి.

మైనస్ నిల్వ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొనుగోలు ఇంకా ఎక్కించలేదు కనుక తెర మీద చికెన్ సున్నా ఉంది, కస్టమరు ముందు నిలబడి ఉన్నాడు. అప్పుడు బిల్లు ఆగకూడదు. నిల్వ మైనస్‌లోకి వెళ్లాలి, రాత్రికి ఎర్ర రంగులో కనిపించాలి. ఇక రాసేసిన నిల్వను మార్చే అధికారం స్టోర్ అబ్బాయికి ఉండకూడదు, ఎవరు ఎప్పుడు ఏ అంకెను మార్చారో యజమానికి కనబడాలి. ఈ రెండూ లేనిది ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇ.ఆర్.పి. నెక్స్ట్ ముంబయిలోని ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, మంచిదే. లైసెన్సుకు డబ్బు కట్టనక్కరలేదన్న మాట నిజమే. కాని సర్వరు అద్దె, బ్యాకప్, అప్‌డేట్లు ఎవరో ఒకరు చూడాలి. మీ మేనల్లుడు బరంపురంలోనే ఉండి చూస్తానంటే దానిని పరిశీలించండి. ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయే వయసైతే వదిలేయండి. నెలవారీ అద్దెకు తీసుకునేదైతే, మానేసిన రోజున మీ సరుకుల పేర్లు, వంటకాల కార్డులు, పాత కొనుగోళ్లు ఎక్సెల్‌లో మీ చేతికి ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కార్డులు రాయడానికే మీకు ఎక్కువ శ్రమ పడుతుంది, అవి వారి దగ్గర చిక్కుకుపోకూడదు.

స్టోర్ అబ్బాయికి ఒడియా మాత్రమే వస్తుందన్నారు. తెర మొత్తం ఒడియాలో ఉండాలని పట్టుబట్టకండి, సరుకు పేరు పక్కన ఒడియా పేరు, ఫోటో పెట్టుకునే వీలు ఉంటే పని జరిగిపోతుంది. ప్రతి సరుకుకు ఒకే కోడు, ఆ కోడు స్టోర్ అలమరా మీద కూడా అంటించాలి. లేకపోతే మాస్టరు చెప్పిన పేరుతో ఒకటి, అబ్బాయి చెప్పిన పేరుతో ఒకటి, ఒకే ఉల్లిపాయకు రెండు ఖాతాలు తెరుచుకుంటాయి.

సమాధానం 5: లెక్కల గుమాస్తా, బరంపురం

బిల్లు లేని కొనుగోళ్ల మాట. తాజా కూరగాయలకు, తాజా చేపకు పన్ను లేదు కనుక జి.ఎస్.టి. వైపు ఇబ్బంది లేదు. మార్కెట్‌కు వెళ్లే మనిషి తేదీ, అమ్మినవారి పేరు, సరుకు, తూకం, ధర రాసిన వోచరు మీద సంతకం పెట్టి తేవాలి. అమ్మినవారి సంతకం దొరికితే ఇంకా మంచిది. ఆ వోచరు ఫోటోను కొనుగోలు ఎంట్రీకి తగిలించే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది, దానిని వాడుకోండి. తూకం మాత్రం మార్కెట్‌లో చెప్పినది కాక, మీ స్టోర్ కాటా మీద వచ్చినదే ఎక్కించాలి. తడి బుట్టతో తూచిన చేపకు ఈ రెంటి మధ్య తేడా ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

నగదు దగ్గర ఒక జాగ్రత్త. ఒకే వ్యక్తికి ఒక్క రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. పండించిన రైతుకో, చేపలు పట్టినవారికో నేరుగా ఇచ్చినదానికి మినహాయింపు ఉంది, మధ్య వ్యాపారికి లేదు. ఆంధ్రా నుంచి లారీలో వచ్చే చేపలను మీకు దించేవారు సాధారణంగా వ్యాపారులే కనుక, వారికి బ్యాంకు ద్వారానో, యు.పి.ఐ. ద్వారానో ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌లో సరఫరాదారుల ఖాతాలు తెరిచేటప్పుడే వీరిని వ్యాపారులు, ఉత్పత్తిదారులు అని రెండు గుంపులుగా విడదీసి పెట్టుకుంటే మార్చి నెలలో మీ ఆడిటరు గారు మళ్లీ వోచర్లన్నీ తిరగేయనక్కరలేదు.